తాడు పట్టినవాడు

"ఏయ్, ఇడువు! ఆ తాడు ముట్టకు!"

ప్రవళిక నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇది. ప్రేమకథలు ఇంతకన్నా తీయగా మొదలవుతాయని విన్నాను. నాది ఇట్లా మొదలైంది, నేనేం చేయను?

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగో రోజు. మాది బిజినేపల్లి. పేరు లక్ష్మణ్. డిగ్రీ అయ్యాక రెండేళ్లు కనబడిన పోటీ పరీక్షలన్నీ రాశాను. అన్నింట్లోనూ ఒకటి రెండు మార్కుల తేడాతో తప్పాను. చివరికి నాగర్‌కర్నూల్‌లో ఒక తేనె కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా కుదిరాను. పేరుకే ఆఫీసర్. కొల్లాపూర్ దాటి నల్లమల అంచున ఉన్న చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు వెళ్లి, వాళ్లు తెచ్చిన తేనె చూసి, డబ్బాల్లో నింపించి, ఆఫీసుకు చేర్చడం నా పని.

ఆ రోజు తేనె ఎట్లా తీస్తారో చూద్దామని ఎర్రబండ పెంట వాళ్ల వెంట కొండెక్కాను. బండ అంచు కింద నిలువు రాతికి పెద్ద పెద్ద తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. మల్లేష్ అనే అతను నడుముకు తాడు కట్టుకుని అంచున కూర్చున్నాడు. తాడు రెండో కొస వెంకటన్న అనే ఆయన చేతిలో ఉంది. ఆయన దాన్ని ఒక్క నిమిషం కింద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాడు. అయ్యో, మనిషి దిగబోతుంటే తాడు పడేసి పోయాడే అనుకుని, నేను పరుగున వెళ్లి ఆ కొసను రెండు చేతులా పట్టుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

అప్పుడు వినబడింది ఆ అరుపు. తిరిగి చూస్తే పసుపు రంగు చుడీదార్, చేతిలో పొగ పెట్టడానికి పచ్చిగడ్డి కట్ట, చూపులో నిప్పులు. వెనకాల పదిమంది నవ్వు ఆపుకోలేక చస్తున్నారు.

"ఏమైంది? జర సాయం చేద్దామని..."

"సాయమా? ఆ తాడు ఎవలు పట్టాలెనో తెలుసా నీకు?"

"బలమున్నోళ్లు?"

ఇక వాళ్లు నవ్వు ఆపుకోలేదు. ఆమె తండ్రి కిష్టయ్య మాత్రం నన్ను చూసి జాలిపడ్డాడు.

"బలం కాదు బిడ్డా. మాతాన తేనెకు దిగెటోని తాడు ఆని పెండ్లాం తోడబుట్టినోడే పడతడు. ఇంకెవ్వలు ముట్టరు. సొంత అన్నదమ్ములు గూడ ముట్టరు."

"గట్లెందుకు?"

"అన్నదమ్ములకు ఎన్ని పంచాయితీలుంటయో ఎవనికెరుక? గని ఏ అన్ననన్న చేతులార తన చెల్లె బొట్టు చెరుపుతడా? పానం పోయినా తాడు ఇడువడు."

వెంకటన్న మల్లేష్ భార్య ముత్యాలుకు అన్న అని అప్పుడు తెలిసింది. నేనింకా తాడు పట్టుకునే ఉన్నాను.

"అయితే ఇప్పుడు నేను పట్టుకుంటే ఏమైతది?"

మల్లేష్ అంచున కూర్చునే పళ్లన్నీ బయటపెట్టాడు. "నువ్వు పట్టినవంటె మా ముత్యాలుకు అన్నవైనట్టు. నాకు బావవైనట్టు."

ముత్యాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందుకుంది. "నాకు అన్నవైతె మరి మా ఆడబిడ్డకు ఏమైతవ్?"

ఆమె ఆడబిడ్డ అంటే మల్లేష్ చెల్లెలు. అంటే ఈ పసుపు చుడీదారే. వదినకు అన్న అంటే వరసకు... నేను కాలినట్టు తాడు వదిలేశాను.

"గిప్పుడు ఇడిసినవా? మస్తు తొందరగ!" అంది ప్రవళిక. కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను.

*

ఇక మా సార్ గురించి చెప్పాలి. చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

భాస్కర్ సార్. కంపెనీకి ఓనరు, మేనేజరు, పోలీసు, జడ్జి అన్నీ ఆయనే. పొద్దున ఆరింటికి వాట్సాప్ గ్రూపులో 'గుడ్ మార్నింగ్ విన్నర్స్' అని పెడతాడు. రెండు నిమిషాల్లో అందరూ లైవ్ లొకేషన్ పంపాలి. మూడో నిమిషం దాటిందో, ఆ మనిషి ఫోటో గ్రూపులో పెట్టి కింద 'ఈ రోజు శవం' అని రాస్తాడు. ఒట్టు, నిజం! మొదటి వారంలోనే నేను మూడుసార్లు శవాన్నయ్యాను.

ఎవరినీ పేరు పెట్టి పిలవడు. నేను 'బిజినేపల్లి'. ఆఫీసులో కంప్యూటర్ చూసే పూజ 'సోడాబుడ్డి'. అందరికన్నా అన్యాయం తిరుపతిది. తిరుపతి ఆయన భార్యకు సొంత తమ్ముడు. జీపు నడిపేది, ఫోటోలు తీసేది, డబ్బాలు మోసేది, టీ తెచ్చేది అతనే. అయినా రోజుకు రెండుసార్లు అందరి ముందూ ఒకటే మాట. "మీ అక్క మొహం చూసి నీకింత తిండి పడేస్తున్నా." తిరుపతి బయటికి వెళ్లి జీపు తుడిచేవాడు. తుడిచిన జీపునే మళ్లీ తుడిచేవాడు.

మానేసి పోవచ్చు కదా అంటారా? చేరిన రోజే మా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని సార్ తన ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాడు. టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా అన్నీ. "రెండేళ్లు పని చెయ్, అప్పుడు చూద్దాం" అన్నాడు. అవి లేకుండా ఇంకో ఉద్యోగానికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? మొదటి ఉద్యోగం కదా, అందరూ ఇట్లాగే తీసుకుంటారు కాబోలు అనుకున్నాను. అంత మొద్దును నేను.

*

ప్రతి మంగళవారం నాకు ఎర్రబండ పెంట డ్యూటీ. ఆ ఒక్క రోజు కోసమే మిగిలిన ఆరు రోజులూ భరించేవాడిని.

ప్రవళిక నాగర్‌కర్నూల్‌లో బీఎస్సీ చదివింది. పెంటలో ఆడవాళ్ల సంఘం తరఫున తేనె షెడ్డు చూసుకునేది. చిన్న గొట్టం లాంటి పరికరం మీద ఒక చుక్క తేనె వేసి, కన్ను దగ్గర పెట్టి, అందులో తేమ ఎంతుందో చూసేది. తర్వాత నేను చూడాలి. ఇద్దరం చెప్పిన అంకె ఒకటే కావాలి. ఒకటే అయితే ఒట్టు.

"ఇరవై రెండు" అన్నాను ఒకసారి.

"పంతొమ్మిది."

"నాకు ఇరవై రెండే కనబడుతుంది."

"తేనెను చూడు బావా. నన్ను గాదు."

షెడ్డంతా గొల్లుమంది. నేను గొంతు తగ్గించి, "గట్ల పిలవకు, అందరు వింటుండ్రు" అన్నాను.

"తాడు పట్టిననాడు అందరు చూడలేదా మరి?"

మళ్లీ చూస్తే పంతొమ్మిదే. ఆమె ముందు ఓడిపోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు బాగానే ఉందని కూడా అనిపించసాగింది.

మే నెలాఖరులో ఒక మంగళవారం ఎండ మాడ్చేస్తూ ఉండగానే మబ్బు కమ్మింది. షెడ్డు రేకుల మీద టపటపా వాన మొదలైంది. అందరూ ఇండ్లలోకి పరిగెత్తారు. షెడ్డులో నేను, ఆమె, పద్నాలుగు డబ్బాల తేనె మిగిలాం. ఆమె జడ కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. ధైర్యం చేసి జేబురుమాలు తీసి ఇచ్చాను. ఆమె తీసుకుని తేనెడబ్బా మూత తుడిచింది.

"నీళ్లు పడితె తేనె పులుస్తది" అంది. "జడ తడిస్తె ఏం గాదు."

ఆమె నవ్వుతోంది. వాన ఆగేట్టు లేదు. ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాను.

"ప్రవళికా, నీకొకటి చెప్పాలె..."

ఫోన్ మోగింది. వాన చప్పుడుకు వినబడదని స్పీకర్ పెట్టాను. నా ఖర్మ!

"ఏరా బిజినేపల్లి! లొకేషన్ ఆగిపోయిందేంట్రా? చచ్చావా, బతికున్నావా?"

"సారీ సార్. వాన సార్. సిగ్నల్..."

"నీ బతుక్కి సిగ్నల్ ఒకటి తక్కువైంది! పని చేయడం రాదు, అబద్ధాలు మాత్రం వచ్చు. మీ అమ్మ నీకు పెంపకంలో నేర్పింది ఇదేనా?"

"సారీ సార్."

ఆరు నిమిషాలు తిట్టాడు. మా ఊరిని, నా చదువును, మా అమ్మను, ఒక్కదాన్నీ వదల్లేదు. ఫోన్ పెట్టేసి తలెత్తితే ప్రవళిక వేళ్లు మడిచి లెక్కపెడుతోంది.

"పదిహేడు."

"ఏంది పదిహేడు?"

"పదిహేడుసార్లు సారీ అన్నవ్. వాన పడితె నువ్వెందుకు సారీ చెప్పాలె? వానను నువ్వు తీసుకొచ్చినవా?"

"ఆయన బాసు. ఏం చేస్త మరి?"

"మీ అమ్మను అన్నడు. నేను విన్న. నువ్వు వినలేదా?"

విన్నాను. విన్నానని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

"నీకొక నోరున్నదని ఆ సారుకు ఎన్నడన్న తెల్వనిచ్చినవా?" ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. "ఒక్కసారి ఆయన ముంగట 'కుదరదు' అను. ఒక్కసారే. అటెన్క నాకేం చెప్పాలనుకున్నవో చెప్పు. అప్పటిదాంక నేను వినను."

"నేనేం చెప్పాలనుకున్ననో నీకెట్ల తెలుసు?"

"రుమాలిచ్చినప్పుడే తెలిసింది" అని, ఆమె వానలోనే ఇంటికి వెళ్లిపోయింది. రుమాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

*

జూన్ మొదటి వారంలో సార్‌కు ఒక ఐడియా వచ్చింది. సార్‌కు ఐడియా వచ్చిందంటే మాకు జ్వరం వచ్చినట్టే. హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపు వాళ్లకు చూపించడానికి వీడియో కావాలట.

"ఆ పెంటలో మల్లేష్‌గాడున్నాడు కదా, వాడు తాడు మీద వేలాడుతూ తేనె కోయాలి. మిట్టమధ్యాహ్నం. లైటింగ్ అదిరిపోవాలి. గురువారం. అరేంజ్ చెయ్."

మల్లేష్‌కు ఫోన్ చేసి చెప్పాను. అతను నేనేదో పరాచికం ఆడుతున్నాననుకున్నాడు.

"తొలకరి పడ్డంక ఎవ్వడు దిగడు బావా. బండ మస్తు జారుతది. పగటీల ఎండల ఈగలు రేగితె మనిషిని ఇడువయ్. పైంగ వెంకటన్న బండి మీదికెల్లి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. తాడు పట్టెటోడే లేడు."

మూడు కారణాలు. ఒక్కటి చాలు. 'కుదరదు సార్' అని టైప్ చేశాను. బీరువాలో ఉన్న టెన్త్ మెమో గుర్తొచ్చింది. చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను, మళ్లీ చెరిపాను. అట్లా ఏడుసార్లు. ఎనిమిదోసారి నా బొటనవేలు 'ఓకే సార్' అని కొట్టి పంపేసింది. బొటనవేలి మీదికి నెట్టేస్తున్నాను గానీ, పంపింది నేనే.

సార్ దాన్ని ఫోటో తీసి సంఘం ఆడవాళ్ల గ్రూపులో పెట్టాడు. 'లక్ష్మణ్ అన్నీ ఓకే చేశాడు. గురువారం షూటింగ్. మల్లేష్ దిగకపోతే ఈ ఏడాది మీ పెంట తేనె మాకొద్దు.'

పది నిమిషాల్లో ప్రవళిక ఫోన్.

"మా అన్న పానం నువ్వు ఓకే చేసినవా?"

"అది కాదు ప్రవళికా, నేను..."

"ఈ ఏటి తేనె పోతదని మా అన్న దిగుతనంటుండు. మా వదినె ఏడుస్తుంది. నిన్ను నవ్వులాటకన్న బావా అన్నందుకు నాకు సిగ్గైతుంది."

పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సాయంత్రం అమ్మ చేలో పత్తి గింజలు పెట్టి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మా అమ్మ సుభద్రమ్మకు నా మొహం చూస్తే చాలు. "ఏమైందిరా?" అంది. దాచకుండా అంతా చెప్పాను. బాస్ ఆమెను అన్న మాటలు కూడా చెప్పాను.

అమ్మ ఆ మాటలు పట్టించుకోనే లేదు. "సర్టిపికెట్లంటె కాయితాలు రా. ఏ ఆఫీసుకన్న పోయి, దండం పెట్టి, మళ్ల తెచ్చుకోవచ్చు. ఆ పిల్ల అన్న బండ మీదికెల్లి పడితె ఏ ఆఫీసుకు పోయి తెస్తవ్?"



*

గురువారం. ముందురోజు పడ్డ వానకు బండ ఇంకా నిగనిగలాడుతోంది. సార్ కొత్త టీషర్టు మీద కంపెనీ బొమ్మ వేయించుకుని, హైదరాబాద్ నుంచి తెప్పించిన నడుము బెల్టులు, కొక్కేలు ఒక సంచినిండా తెచ్చాడు. తిరుపతి మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా బిగిస్తున్నాడు.

మల్లేష్ తాడు నడుముకు కట్టుకుంటున్నాడు. ముత్యాలు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. ప్రవళిక నా వైపు చూడనే లేదు. నేనొక మనిషిని అక్కడ ఉన్నట్టే లేదామెకు.

"తాడు పట్టెటోడు లేడు సారూ" అన్నాడు కిష్టయ్య. "పది దినాలు ఆగు. వెంకటన్న చెయ్యి నయమైతది, బండ ఆరుతది."

"పది దినాలా? షాపు వాళ్లు రేపడుగుతున్నారు! తాడే కదయ్యా, ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఏయ్ బిజినేపల్లి, నువ్వు పట్టు."

తాడు నా కాళ్ల దగ్గరే ఉంది. అప్పుడు ప్రవళిక నా వైపు చూసింది. అందరూ చూశారు.

"కుదరదు సార్."

గొంతు నాదే. నాకే కొత్తగా వినిపించింది.

"ఏమన్నావ్?"

"కుదరదు అన్న." ఆఫీసు తెలుగు ఎటు పోయిందో పోయింది, మా బిజినేపల్లి మాటే వచ్చింది. "బండ తడిగున్నది. ఈగలు రేగుతయ్. ఈ తాడు పట్టెతందుకు నేనెవన్ని? మల్లేష్ దిగడు. దిగుమని నేను చెప్ప."

"నీ సర్టిఫికెట్లు నా దగ్గరున్నాయి, మర్చిపోయావా?"

"మరువలేదు. అద్దం కట్టించి గోడకు తగిలేసుకోండ్రి. మార్కులు మంచిగనే ఉన్నయ్."

ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ మొహం కందగడ్డ అయింది.

"ఏరా..."

"ఇంగొకటి. నా పేరు లక్ష్మణ్. బిజినేపల్లి మా ఊరు, నా పేరు గాదు. మా అమ్మ పెంపకం గురించి మీకెందుకు సార్? ఆమె పెంచింది గనకనే ఇయ్యాల మీకు ఎదురు నిలబడ్డ."

  మల్లేష్ మెల్లగా నడుముకున్న తాడు విప్పి బండ మీద పెట్టేశాడు.

అది చూసి సార్‌కు పిచ్చెక్కింది. "ఇరవై అడుగులు దిగడానికి ఇంత డ్రామానా? పిరికిసన్నాసులు! నేనే దిగుతా. ఓనరే స్వయంగా దిగాడని వీడియో వేస్తా. తిరుపతీ, కెమెరా ఆన్ చెయ్!"

గబగబా బెల్టులు బిగించుకుని, తాడు కొస కొక్కేనికి తగిలించుకున్నాడు. కిష్టయ్య అడ్డం చెప్పలేదు. తాపీగా బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

"మంచిది సారూ. గని బండ మాది, కట్టుబాటు గూడ మాదే. నీ పెండ్లాం తోడబుట్టినోడు తాడు పట్టాలె. ఉన్నడా?"

"ఎందుకు లేడు నాయినా?" ప్రవళిక గొంతు ఖంగున మోగింది. తిరుపతి సంగతి ఆమెకు నేను చెప్పిందే. "గా కెమెరా పట్టుకున్నయనే."

అందరి తలలూ ఒక్కసారి తిరుపతి వైపు తిరిగాయి. తిరుపతి కెమెరా ఆన్ చేసి అట్లాగే వదిలేసి ముందుకు వచ్చాడు. అరచేతులు ప్యాంటుకు రుద్దుకున్నాడు. తాడు తీసి నడుము చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"దిగు బావా."

సార్ అంచు దగ్గరికి రెండడుగులు వేశాడు. కిందికి చూశాడు. తాడు చూశాడు. తిరుపతిని చూశాడు. ఎనిమిదేళ్ల నుంచి ఆ మనిషిని ఏమేమి అన్నాడో అవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి. చెమటలు పట్టేశాయి.

"తిరుపతీ... గట్టిగా పట్టుకుంటావు కదూ?"

ఆ గొంతులో అంత మెత్తదనం పుట్టి బుద్ధెరిగాక వినలేదని తర్వాత తిరుపతి నాతో అన్నాడు. అప్పుడు మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా బదులిచ్చాడు.

"మా అక్క మొహం చూసి పట్టుకుంట బావా."

 సార్ చేతులు బెల్టు కొక్కెం మీదికి వెళ్లాయి. విప్పుతుంటే ఒక పట్టాన రావడం లేదు. "లైటింగ్ సరిగా లేదు" అని గొణిగాడు. "ఇవాళ వద్దు. ప్యాకప్."

ముందు ముత్యాలు నవ్వింది. తర్వాత మల్లేష్. తర్వాత ఇక ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేను. నాకైతే కళ్ల వెంట నీళ్లు కారాయి.

"నువ్వు డిస్మిస్!" అని నా మీద అరిచాడు సార్.

"థాంక్యూ సార్."

తిరుపతి జీపు తాళాలు ఆయన చేతిలో పెట్టాడు. "నువ్వే నడుపుకొని పో బావా. నేను నడిచొస్త." జీపు కొండ దిగేలోపు నాలుగుసార్లు ఆగిపోయింది. కెమెరా మాత్రం ఆగలేదు, మొత్తం తీసేసింది. ఆ సాయంత్రం 'విన్నర్స్' గ్రూపులో ఆ వీడియో ఎవరు పెట్టారో నాకు తెలుసు, చెప్పను. కింద పూజ మాత్రం, 'సార్, మీ లొకేషన్ ఆగిపోయింది' అని రాసింది.

*

అందరూ పెంటకు దిగిపోయారు. నేను ఒక రాయి మీద కూలబడ్డాను. ప్రవళిక వచ్చి ఎదురుగా నిలబడి ఒక వేలు మడిచింది.

"ఒకటి."

"రెండుసార్లన్న" అన్నాను. "ఆయన మళ్ల అడిగితె మళ్ల చెప్పిన."

"నేనడిగింది ఒక్కటే. ఇంగ చెప్పు. ఆనాడు షెడ్డుల ఏదో చెప్తనన్నవ్ గద."

"ఇప్పుడా? ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు. సర్టిఫికెట్లు గూడ లేవు."

"అవన్ని నేనడగలేదు."

"ఆ 'ఓకే సార్' పంపినందుకు నామీద కోపం పోయిందా?"

"పోలే. దానికి వేరెగ తిడ్త. ముందు ఇది చెప్పు."

"నువ్వంటె నాకు పానం" అన్నాను. అంతకన్నా మంచి మాటలు ఎన్నో అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు.

 ఆమె చున్నీ ముడిలోంచి నా జేబురుమాలు తీసి చేతిలో పెట్టింది. ఉతికి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నాకు గూడ" అంది. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఈసారి ఫోన్ మోగలేదు. మోగినా ఎత్తేవాడిని కాను.

*

నాలుగు రోజుల తర్వాత తిరుపతి బిజినేపల్లికి బండి మీద వచ్చాడు. వెనకాల సంచిలో నావి, పూజవి, ఆఫీసులో అందరివీ సర్టిఫికెట్లు.

"ఎట్ల తెచ్చినవ్?"

"మా అక్క ఆ వీడియో చూసింది. తాళం అక్కనే తీసింది. 'నా తమ్ముని మీద నమ్మకం లేనోనికి నా ఇంట్ల బీరువ ఎందుకు' అన్నది." ఇంత చెప్పి తిరుపతి అమ్మ ఇచ్చిన మజ్జిగ గటగటా తాగేశాడు.

సార్ నిజంగానే ఆ పెంట తేనె తీసుకోలేదు. తీసుకోకపోతే ఏం? సంఘం ఆడవాళ్లు సొంతంగా సీసాల్లో నింపారు. పేరు, తేమ ఎంత, ఎవరు తీశారు అన్నీ ప్రవళిక చీటీ మీద రాసి అంటించింది. నేను, తిరుపతి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ షాపుల చుట్టూ తిరిగాం. మొదట ఎవరూ తలుపు తీయలేదు. తర్వాత తీశారు. పొద్దున ఆరింటికి మాకు ఏ గ్రూపూ లేదు. ఎవరన్నా ఆలస్యంగా వస్తే ప్రవళిక తిడుతుంది, కానీ పేరు పెట్టి తిడుతుంది.

వానలు వెనకపట్టాక, కార్తీకంలో బండ ఆరింది. ఆ రోజు సాయంత్రం మల్లేష్ నడుముకు తాడు కట్టుకుని అంచున కూర్చున్నాడు. మా అమ్మ కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. వెంకటన్న చెయ్యి అతికింది గానీ పట్టు ఇంకా రాలేదు. ఆయన తాడు తీసి చెల్లెలి చేతికిచ్చాడు.

ముత్యాలు ఆ తాడు పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆనాడు నా మొగని పానం కోసం నీ కొలువు ఇడిసినవ్. నాకు ఇంగొక అన్నవు నువ్వు. పట్టు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.  అమ్మ వైపు చూశాను.

"చూస్తవేందిరా, పట్టు" అంది అమ్మ. తర్వాత కిష్టయ్య వైపు తిరిగింది. "మీరు కొడుకు పానమే మావోని చేతుల పెడుతుండ్రు. ఇంగ మీ పిల్లను మా ఇంటికియ్యుమని అడిగెతందుకు నాకేం మొకమాటం అన్నా?"

కిష్టయ్య మొహమంతా నవ్వు. "ముందుగాల మావోణ్ణి పైకి రానీ చెల్లె. అటెన్క ముహూర్తం మాట్లాడుకుందాం."

తాడు నడుముకు ఒక చుట్టు చుట్టుకుని, తిరుపతి నిలబడినట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను. మల్లేష్ అంచు దాటి కిందికి జారాడు. అతని బరువంతా నా అరచేతుల్లోకి వచ్చింది. కింది నుంచి కేక వినబడింది.

"బావా, పట్టినవా?"

"పట్టిన!"

ప్రవళిక నా పక్కకు వచ్చి నిలబడింది. పొగ వాసన, పసుపు చుడీదార్, అవే ఎర్రబడ్డ చెవులు.

"ఆనాడు లెక్క ఇడిసిపెట్టి ఉరుకుతవా?" అంది మెల్లగా.

"కుదరదు" అన్నాను.